ఇంటి చిల్లర పనులు, పనిమంతులు: బెల్లంపల్లి

ఆగిపోయిన ఫ్యాను, కారే నల్లా, ఊడిన గడియ, గోడకు ఎక్కాల్సిన టీవీ, డబ్బాలో ముక్కలుగా వచ్చిన అల్మరా. వీటన్నిటికీ కలిపి బెల్లంపల్లిలో వాడే మాట 'చిల్లర పనులు'. పనులకు ఉమ్మడి పేరుంది గానీ, వాటన్నిటినీ చేసే ఒక్క మనిషికి తెలుగులో పేరు స్థిరపడలేదు. కరెంటుకు ఎలక్ట్రీషియన్, నల్లాకు ప్లంబర్, కర్రకు వడ్లాయన, గోడకు సుతారి అని విడివిడి వృత్తుల పేర్లే ఉన్నాయి. ఈ నాలుగూ తలా కొంచెం తెలిసినవాణ్ని 'అన్ని జేస్తడు' అంటారు. ఆ మాటలో మెప్పు ఎంతుందో అనుమానమూ అంతే ఉంటుంది. మేస్త్రీ అనే మాట పెద్ద పనికి పెద్ద మనిషిది. పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చి దేశమంతా పాకిన ఆ మాటను, ట్యాపుకు వాషర్ వేసేవాడికి ఎవరూ వాడరు.

బొగ్గు గనుల ప్రాంతంలో ఈ పనుల కథ మిగతా తెలంగాణ పట్టణాల కథ లాంటిది కాదు. ఇక్కడ చాలాకాలం ఇల్లూ సింగరేణి కంపెనీదే, ఇంటికి వచ్చే రిపేరూ కంపెనీదే. పని తెలిసిన చేతులను తయారుచేసిందీ కంపెనీయే. గనులు మూతపడుతూ వచ్చాక ఆ చేతులు ఊళ్లో మిగిలాయి. ఇవాళ్టి చిల్లర పనిమంతుడు చాలావరకు ఆ మిగులులోంచి వచ్చినవాడు.

ఊరు, కంపెనీ, క్వార్టరు

బెల్లంపల్లి కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మీద, మంచిర్యాలకు ఉత్తరాన ఉన్న పట్టణం. 2011 జనాభా లెక్కల్లో 55 వేల పైచిలుకు మంది. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కంపెనీ కథ మాత్రం ఇల్లందు దగ్గర మొదలవుతుంది. 1871లో అక్కడ భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న ఆ సంస్థ సింగరేణి కాలరీస్ పేరుతో నమోదైంది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. గోదావరికి ఉత్తరాన తవ్వకాలు మొదలైన తొలి చోట్లలో బెల్లంపల్లి ప్రాంతం ఒకటి. 1920ల చివరి నుంచీ ఇక్కడి బతుకు బొగ్గు చుట్టే తిరిగింది.

ఆ గనుల్లో చాలావాటి పేర్లు ఇప్పుడు బస్తీల పేర్లుగానే వినిపిస్తాయి. 65 డీప్ బస్తీ, నంబర్ టూ ఇంక్లైన్ బస్తీ అని రిక్షా ఆయనకు చెబితే చాలు. 'బెల్లంపల్లి ఏరియా' అన్న పేరు కంపెనీ కాగితాల్లో అలాగే ఉన్నా, ఆ ఏరియా ఆఫీసు గోలేటిలో ఉంది, పెద్ద గని ఖైరాగూడ ఓపెన్‌కాస్టు. రెండూ పక్కనున్న కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలోవే. 1990ల మొదట్లో మొత్తం సింగరేణిలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కాలం పోయి యంత్రాలు వచ్చాయి, భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి.

క్వార్టరులో ఉన్నంతకాలం చిల్లర పనికి మనిషిని వెతుక్కునే అవసరం తక్కువ. తలుపు బందు విరిగితే, కప్పు కారితే సివిల్ డిపార్ట్‌మెంటులో కంప్లైంట్ రాయించాలి, వైరు కాలితే ఎలక్ట్రికల్ వాళ్లకు చెప్పాలి. వాళ్లు వచ్చేదాకా ఆగే ఓపిక ఉంటే పైసా ఖర్చు లేదు. ఓపిక లేనివాళ్లు షిఫ్టు దిగి వచ్చే పక్కింటి ఫిట్టరును పిలిచేవారు. అలా చూసిపోవడం వ్యాపారం కిందికి రాదు. చాయ్ తాగి, రెండు మాటలు మాట్లాడి పోతాడు, తనకు పనిపడ్డప్పుడు వీళ్లు పోతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదనే కాలనీ నడిచింది. రిటైరై క్వార్టరు వదిలి, సొంతంగా రెండు గదులు వేసుకున్నాక కంప్లైంట్ పుస్తకమూ లేదు, గోడ ఆనుకుని ఫిట్టరూ లేడు. చిల్లర పనికి డబ్బు చేతులు మారడం ఈ ఊళ్లో గట్టిగా మొదలైంది అప్పుడే.

చేతులు ఎక్కడివి

గని అంటే బొగ్గు కొట్టేవాళ్లే అని బయటివాళ్ల ఊహ. నిజానికి ప్రతి భూగర్భ గనీ ఒక వర్క్‌షాపు కూడా. హాలర్ ఇంజన్లు నడవాలి, పంపులు నీళ్లు తోడాలి, పట్టాలు వేయాలి, కప్పుకు దన్ను పెట్టాలి. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు, పంపు ఆపరేటరు, టింబర్‌మన్ వంటి పేర్లతో ఈ పనులు చేసినవాళ్లకు చేతిలో విద్య ఉంటుంది. టింబర్‌మన్ సంగతే చూడండి. కప్పుకూ దుంగకూ మధ్య సందు చూసి, చెక్క ముక్క ఎంత మందం కావాలో కంటితోనే కొలిచి, సుత్తెతో రెండు దెబ్బలు వేసి బిగించడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషికి ఇంట్లో ఊగే మంచం కోడు ఒక లెక్కా?

దీనికి ముందటి తరం వేరు. గని రాకముందు ఈ పల్లెల్లో వడ్ల, కమ్మరి కుటుంబాలు ఊరికంతటికీ పనిచేసేవి. నాగలి, గుంటక, బండి చక్రం ఏడాది పొడుగునా బాగుచేస్తే, పంట నూర్చిన నాడు కళ్లం దగ్గర ఇంటింటికీ ఇంత అని గింజలు కొలిచేవారు. ఒక్కో పనికి ఒక్కో లెక్క ఉండేది కాదు. ఇవాళ నీళ్ల ఫిల్టరు కంపెనీలు ఏడాదికోసారి డబ్బు కట్టించుకుని 'ఏఎంసీ' పేరుతో అమ్మేది అచ్చంగా ఇదే. తేడా అల్లా, ఆ వడ్లాయన ఫోన్ ఎత్తకుండా తప్పించుకునే వీలు లేదు, ఆయన ఇల్లు ఆ ఊళ్లోనే. ఆ సంబంధంలో కులం హద్దులున్నాయి, కొలిచే చేయి బిగదీస్తే అడగలేని తనం ఉంది. దాన్ని పొగిడి చెప్పాల్సిన పనిలేదు. కానీ దాని ఆనవాలు ఒకటి ఇంకా బతికే ఉంది. కొత్త ఇంటికి దర్వాజ ఎత్తే రోజున పూజ చేసి వడ్లాయనకు బట్టలు పెట్టి, చేతిలో డబ్బు పెడతారు. అదే ఇంట్లో ప్లాస్టిక్ తలుపు బిగించిన కుర్రాడికి ఫోన్‌పేలో డబ్బు కొడతారు.

మూడో రకం కుర్రవాళ్లు. ఐటీఐ చదివినవాళ్లు, చదవకుండా అన్న వెంట తిరిగి నేర్చుకున్నవాళ్లు. దేశంలో ఐటీఐల శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఫిట్టరుకూ ఎలక్ట్రీషియన్‌కూ రెండేళ్ల కోర్సు, వెల్డరుకూ ప్లంబరుకూ ఏడాది. సింగరేణి ఏటా అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. అప్రెంటిస్ అయిపోయినవాళ్లందరికీ ఉద్యోగం రాదు కాబట్టి, ఎదురుచూపుల్లో ఉన్న ఆ ఏళ్లలో పానా, టెస్టరు పట్టుకుని ఇళ్లకు వచ్చేది వీళ్లే. పని బాగా చేస్తాడని పేరొచ్చేసరికి నోటిఫికేషన్ పడి వెళ్లిపోతాడు. లేదా హైదరాబాద్ పోతాడు. చిల్లర పనిమంతుడు ఊళ్లో నిలకడగా దొరకకపోవడానికి ఇదొక కారణం.

టైల్స్, ఫాల్స్ సీలింగ్, పాలిష్ పనుల్లో రాజస్థాన్, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్లు పెద్ద పని మీద వచ్చి చిన్న పని చేయరు.

పనిముట్ల భాష

బెల్లంపల్లి పనిసంచిలో మూడు భాషలున్నాయి. సుత్తె, రంపం, ఉలి, బాడిశ తెలుగువి. పానా, పేచకస్, జాలీ, గిట్టీ హైదరాబాద్ రాజ్యం నాటి ఉర్దూ బజారు నుంచి వచ్చినవి. కటింగ్ ప్లేయరు, టెస్టరు, ఎంసీబీ, డ్రిల్ బిట్టు గని వర్క్‌షాపు నుంచీ ఐటీఐ నుంచీ వచ్చినవి. వీటిలో 'గిట్టీ' కథ చెప్పుకోదగ్గది. పాత రోజుల్లో గోడకు స్విచ్ బోర్డు బిగించాలంటే ఉలితో చదరంగా బొక్క కొట్టి, అందులో చెక్క ముక్క దిగ్గొట్టి, ఆ చెక్కలోకి స్క్రూ ఎక్కించేవారు. ఆ చెక్క ముక్క పేరు గిట్టీ. జర్మనీలో ఆర్టర్ ఫిషర్ 1958లో నైలాన్ గిట్టీని తయారుచేశాడు. స్క్రూ ఎక్కేకొద్దీ విచ్చుకుని గోడను పట్టేసే ఆ చిన్న గొట్టం ప్రపంచమంతా చేరింది. ఇక్కడ వస్తువు మారినా పేరు మారలేదు.

కానీ పాత క్వార్టరు గోడ నైలాన్ గిట్టీని నమ్మదు. పైన సిమెంటు ప్లాస్టరు గట్టిగానే కనిపిస్తుంది. ఇటుకల మధ్య పాత సున్నమో, ఉబ్బిన ఇసుకో ఉంటే డ్రిల్ బిట్టు ఒక అంగుళం దిగాక సర్రున జారిపోతుంది, వేలు పట్టేంత బొక్క మిగులుతుంది. అక్కడ టీవీ వేలాడదీస్తే రెండో నెలకు కిందికి వంగుతుంది. పని తెలిసినవాడు మొదట గోడను గూటంతో తట్టి చూస్తాడు, బొక్కలోంచి రాలే పొడి రంగు చూస్తాడు. ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగయితే ఇంకా ప్లాస్టరే, తెల్లగా మెత్తగా రాలితే జాగా మార్చాలి. మార్చే వీల్లేకపోతే పాత పద్ధతికే పోయి టేకు గిట్టీ దిగ్గొడతాడు. ఆదిలాబాద్ అడవి టేకుకు పేరుపడ్డ చోటు కనుక, ఏ వడ్లాయన షెడ్డులో అడిగినా చేతివేలంత టేకు ముక్కలు ఊరకే దొరుకుతాయి.

మనిషిని పట్టుకోవడం

పొద్దున చౌరస్తాలో నిలబడే అడ్డా కూలీలు ఉంటారు. మట్టి మోయడానికి, సుతారి కింద పనికి అక్కడికి పోతారు గానీ ఫ్యాను రిపేరుకు పోరు. చిల్లర పనికి అసలైన అడ్డా హార్డ్‌వేర్ షాపు, ఎలక్ట్రికల్ షాపు. గల్లాపెట్టె పక్కన అట్ట మీద పది నంబర్లు రాసి ఉంటాయి. 'తమ్మీ, గీజర్ బిగించాలె, ఎవరన్న ఉన్నరా' అంటే షాపాయనే ఫోన్ కలిపి ఇస్తాడు. దీనివల్ల మంచీ ఉంది, మెలికా ఉంది. మంచి ఏమిటంటే, పని చెడితే షాపు దగ్గరికి పోయి అడగొచ్చు. మెలిక ఏమిటంటే, ఆ మనిషి కొనిపించే సామాను ఆ షాపులోనే కొనిపిస్తాడు, అందులో ఆయనకు పర్సంటేజీ ఉంటుంది. వాషరు మారిస్తే సరిపోయే ట్యాపుకు కొత్త ట్యాపు పడటం ఇక్కడినుంచే. సామాను మనమే తెచ్చుకుంటే ఇది తప్పుతుంది. కానీ తప్పు సైజు తెచ్చి, మళ్లీ షాపుకు పోయి వచ్చేలోగా గంట గడిచిపోతే అదీ మన ఖాతాలోదే. చాలామంది మధ్యేమార్గంగా పాడైన ముక్కను ఫోటో తీసి వాట్సాప్‌లో షాపుకు పంపి, ధర కనుక్కున్నాక పనిమంతుణ్ని పిలుస్తున్నారు.

రెండో దారి తెలిసినవాళ్లు. ఇక్కడ కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న పేరు కూడా కాదు. 'మీ బాపు ఏ బాయి?' అంటారు. బాయి అంటే గని. తండ్రి శాంతిఖనిలో చేశాడనో, ఫలానా సర్దార్ కొడుకనో తెలిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఇందులో ఊరిమీది ప్రేమ కన్నా జాగ్రత్త ఎక్కువ. మగవాళ్లు షిఫ్టులో ఉంటారు. పనివాడు వచ్చే వేళకు ఇంట్లో ఉండేది ఆడవాళ్లే. వంటగదిలోకి, పడకగదిలోకి ఎవరిని రానివ్వాలో తేల్చుకునేది వాళ్లు. అందుకే ఒక కాలనీలో ఒక మనిషి కుదురుకున్నాడంటే, ఆ పేరు మోసేది ఆ వాడలోని అక్కలూ వదినలే. 'మొన్న మా ఇంట్ల చేసిండు, చెప్పులిడిచి వచ్చిండు, చేసినంక ఊడ్చిపోయిండు' అన్న మాటకు మించిన సర్టిఫికెట్ ఇక్కడ లేదు.

పిలిచే వేళకూ లెక్క ఉంది. గని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది కాబట్టి వాడ కూడా మూడు షిఫ్టుల్లోనే నిద్రపోతుంది. వరస క్వార్టర్లలో రెండిళ్లకూ గోడ ఒకటే. నైట్ షిఫ్టు చేసి వచ్చినాయన అవతల నిద్రపోతుంటే ఇవతల పట్టపగలు హ్యామర్ డ్రిల్ పెడితే తగువు ఖాయం. అనుభవమున్న పనిమంతుడు సంచి దించకముందే 'పక్కింటాయన ఏ షిఫ్టు?' అని అడుగుతాడు.

డబ్బు

మూడు పద్ధతులున్నాయి. రోజుకూలి, గుత్త, వచ్చినందుకు. పెయింటింగ్ లాంటి వాటికి గుత్త మాట్లాడతారు, 'లేబర్ ఒక్కటేనా, మెటీరియల్‌తోనా' అన్నది ముందే తేల్చుకోవాలి, బయానా ఇవ్వాలి. తగాదాలన్నీ మూడోదాని దగ్గరే. ఫ్యాను తిరగకపోతే చాలాసార్లు పోయేది 2.5 మైక్రోఫారడ్ కండెన్సరు. అది చవక సామాను, మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు. 'పది నిమిషాల పనికి ఇన్ని పైసలా' అని ఇంటివాళ్లు. కానీ బండి మీద వచ్చి పోయిన పెట్రోలు, ఆ రాకపోకల ముప్పావుగంటలో పోగొట్టుకున్న ఇంకో పని, చూడగానే కండెన్సరే అని పట్టుకోవడానికి నేర్చుకున్న ఏళ్లు, ఇవేవీ ఆ పది నిమిషాల్లో కనిపించవు. ధర కట్టాల్సింది రాకపోకకూ, పసిగట్టడానికీ. చేతి పనికి పడేది చాలా తక్కువ. తెలివైన గృహిణులు దీన్ని ఎప్పుడో గ్రహించి, ఒక్క ఫ్యాను కోసం పిలవరు. ఊగే తలుపు, కారే నల్లా, మసకబారిన ట్యూబులైటు అన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టి, ఒకేసారి పిలిచి, మొత్తానికి మాట్లాడతారు. చిల్లరను కూడబెట్టి నోటు చేయడం.

కంపెనీ డబ్బు ఊళ్లోకి వచ్చే తేదీలే ఈ పనుల తేదీలు కూడా. దసరాకు ముందు కార్మికులకు లాభాల వాటా పడుతుంది. 2024లో 33 శాతం కింద ₹796 కోట్లు పంచారు, తొలిసారి కాంట్రాక్టు కార్మికులకూ తలా ₹5,000 ఇచ్చారు. తర్వాత దీపావళి బోనస్. ఆ నెలన్నర కాలంలో పెయింటరు దొరకడు, టీవీ బిగించేవాడు 'రేపొస్త' అంటాడు. ఆ రేపుకు అర్థం పండగ దాటాక అని.

ఎండాకాలం: కూలరు

బెల్లంపల్లి పనిమంతుడికి అసలు సీజన్ మాత్రం ఏప్రిల్, మే నెలలు. ఈ బొగ్గు బెల్టులో ఎండలు 45 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీలు పెరిగినా కూలరు పోలేదు. కిటికీ బయట ఇనుప స్టాండు మీద కూర్చునే రేకు డబ్బా కూలరుకు మూడు పక్కలా గడ్డి పలకలుంటాయి. ఏడాది పాత గడ్డి సున్నం పేరుకుని అట్టకట్టి, గాలి ఆడనివ్వదు. పలకలు ఊడదీసి, జాలీ విప్పి, పాత గడ్డి దులిపి, కొత్త గడ్డిని పలచగా, ఎక్కడా సందు పడకుండా పరచాలి. మందంగా నింపితే చల్లదనం ఎక్కువ వస్తుందని ఇంటివాళ్లు అనుకుంటారు. గడ్డి మందమైతే గాలి లోపలికి రాదు, మోటారు మొత్తుకుంటుంది. పైన నీళ్లు జారే తొట్టి బొక్కలను పుల్లతో పొడిచి తీయాలి, లేకపోతే గడ్డి ఒకచోట తడిసి ఒకచోట ఎండుతుంది. ఆ తర్వాత అడుగున పంపు, నీటిమట్టం చూసే బెండు, బేరింగుకు రెండు చుక్కల నూనె.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగు. రేకు డబ్బా, నీళ్లు, కరెంటు ఒకచోట ఉన్న వస్తువు ఇది. పంపు వైరు తోలు ఊడి రేకుకు తగిలితే డబ్బా మొత్తానికి 230 వోల్టులు పాకుతుంది. తడి నేల మీద వట్టికాళ్లతో నిలబడి నీళ్లు పోయబోయేవాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే కూలరును చూసీ చూడనట్టు పోయే పనిమంతుణ్ని మళ్లీ పిలవకూడదు. మూడో పిన్ను ఉండటమే చాలదు, ఇంటికి నిజంగా ఎర్త్ గుంట ఉండాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టిస్తే, కరెంటు దారితప్పిన క్షణంలోనే సరఫరా తెగిపోతుంది. గనిలో ఎలక్ట్రీషియన్ షట్‌డౌన్ తీసుకోకుండా, అందరికీ తెలిసేలా స్విచ్ ఆపిపెట్టకుండా వైరు ముట్టడు. ఆ మనిషే ఇంటికొచ్చాక, 'ఏం కాదు వదినా' అంటూ నడిచే లైను మీదనే చేయి పెట్టడం ఈ ఊళ్లో చూడొచ్చు. గనిలో తనిఖీ అధికారి ఉంటాడు, ఇంట్లో ఉండడు.

వానాకాలం పని వేరు. పెంకులు సర్దడం, రేకుల మీద మేకుల దగ్గర తారు పెట్టడం, స్లాబు మీద నీళ్లు నిలిచే చోట వాటం చేయడం. వీటికి తోడు కోతులు. అడవి అంచు పట్టణాలన్నిటిలాగే ఇక్కడా కోతుల మందలు పెంకులు పీకుతాయి, డిష్ ఊపుతాయి, నీళ్ల ట్యాంకు మూత తీసి స్నానాలు చేస్తాయి. వసారాకూ పెరటికీ ఇనుప జాలీ వేయించుకోవడం వెల్డింగు షాపులకు మంచి గిరాకీ తెచ్చింది.

డబ్బాలో వచ్చే అల్మరా

పదేళ్ల కిందట లేని పని ఇది. ఆన్‌లైన్లో కొన్న అల్మరా, కంప్యూటర్ బల్ల, చెప్పుల స్టాండు చదునైన డబ్బాల్లో ముక్కలుగా వస్తాయి. స్వీడన్‌లో 1943లో పుట్టిన ఐకియా 1950ల నడుమ ఈ పద్ధతిని పట్టుకుంది, భారత్‌లో తన మొదటి షాపును 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో తెరిచింది. కొన్నవాడే బిగించుకోవాలన్నది ఆ వ్యాపారం కిటుకు. హైదరాబాద్‌లో ఆ కిటుకు పూర్తిగా పారదని ముందే తెలిసి, బిగించేవాళ్లను పంపడానికి అప్పటి అర్బన్‌క్లాప్‌తో ఒప్పందం చేసుకుంది. 2014లో మొదలై తర్వాత అర్బన్ కంపెనీగా పేరు మార్చుకున్న ఆ సంస్థ ప్రధానంగా పెద్ద నగరాలది. బెల్లంపల్లిలో డబ్బా దిగాక పిలిచేది వడ్లాయననే.

ఆయనకు దానిమీద గౌరవం లేదు. టేకు పలక చిత్రిక పట్టి, కుసి కోసి, తొలిలోకి దిగ్గొట్టి, ఒక్క మేకు లేకుండా మంచం నిలబెట్టే చేతులకు, రంపపొట్టు జిగురుతో ఒత్తిన పలక వస్తువుగా కనిపించదు. 'ఇది పొట్టు బల్ల సారూ' అంటాడు. మాట నిజమే, నీళ్లు తగిలితే అంచు అటుకుల్లా ఉబ్బుతుంది. కానీ ఆ చులకన వల్లనే పని చెడుతుంది. కాగితం మీద బొమ్మలు చూడకుండా మొదలుపెడతాడు, తలుపుకు పోవాల్సిన స్క్రూలు అడుగు పలకకు వాడేస్తాడు. టేకులో స్క్రూ ఎంత బిగిస్తే అంత పట్టు. పొట్టు బల్లలో ఒక చుట్టు ఎక్కువైతే మర పోయి బొక్క గుల్లవుతుంది, ఇక అది ఎప్పటికీ పట్టదు. కరెంటు స్క్రూ డ్రైవరుతో సర్రుమని బిగించేవాళ్లు పాడుచేసేది ఇక్కడే. చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి.

ఇంకో చిక్కు గదిది. అల్మరాను నేలమీద పడుకోబెట్టి బిగించి, తర్వాత లేపుతారు. 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న అల్మరా లేచేటప్పుడు దాని కర్ణం 7 అడుగుల 3 అంగుళాలు దాటుతుంది. పైన ఫ్యాను రెక్కో, అటకో అడ్డం వస్తే సగంలో ఆగిపోతుంది, బలవంతంగా లేపితే కాళ్లు విరుగుతాయి. కొలత తీసుకోకుండా ముందుగదిలో బిగించి, పడకగది దర్వాజలో పట్టక మళ్లీ విప్పిన ఇళ్లు లేకపోలేదు. వెనక పలుచటి అట్ట కొట్టేముందు మూలకు మూల తాడుతో కొలిచి, రెండు కర్ణాలూ సమానమో కాదో చూడాలి. ఈ ఒక్క పని మాత్రం వడ్లాయన చెప్పకుండానే చేస్తాడు, దర్వాజ కట్టిన చేతులు కదా. సమానం కాకపోతే తలుపులు రెండూ ఎప్పటికీ కలవవు.

డబ్బా అడుగున మిగిలిపోయే ఒక చిన్న పట్టీని చాలామంది ఎక్స్‌ట్రా సామాను అనుకుని పారేస్తారు. అల్మరాను గోడకు కట్టే పట్టీ అది. సొరుగులు లాగి మెట్లలా ఎక్కే పిల్లల మీద అల్మరాలు పడి మరణాలు జరగడంతో, 2016లో అమెరికాలో ఐకియా సుమారు 2.9 కోట్ల సొరుగుల బల్లలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. పొట్టు బల్ల తేలికే గానీ, లోపల బట్టలు నిండాక తేలిక కాదు. పాత క్వార్టరు గోడలో ఆ పట్టీకి గిట్టీ నిలవడమన్నది మళ్లీ ఆ గోడ లోపల ఏముందన్న ప్రశ్నకే వస్తుంది.

చట్టం చూపు

చట్టానికి ఈ మనిషి సగమే కనిపిస్తాడు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, సొంత ఇంటి కోసం ₹10 లక్షలకు మించని పనిని తన పరిధి బయట పెట్టింది. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ హద్దును ₹50 లక్షలకు పెంచింది. అంటే చిల్లర పనంతా చట్టం పరిధికి బయటే. నిచ్చెన మీదినుంచి పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదన్నది ఇద్దరి మధ్యా మొహమాటం మీద తేలాల్సిందే. 18 నుంచి 60 ఏళ్ల లోపువాడు ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు చూపితే సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ నమోదుకు ఆ షరతు లేదు. 2023 సెప్టెంబరు 17న వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులకు వర్తిస్తుంది. వడ్రంగి, కమ్మరి, తాపీపని అందులో ఉన్నాయి. పనిముట్లకు ₹15,000, 5 శాతం వడ్డీకి ముందు ₹1 లక్ష, తర్వాత ₹2 లక్షల అప్పు ఇస్తారు. ఎలక్ట్రీషియన్, ప్లంబరు ఆ జాబితాలో లేరు. పథకం సంప్రదాయ వృత్తులను వెతికింది, చిల్లర పనిమంతుడు ఏ ఒక్క వృత్తిలోనూ పూర్తిగా ఇమడడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో లెక్క తిరగేసి ఉంటుంది. అక్కడ లైసెన్సు లేకుండా చేయగలిగే చిల్లర పనికి 500 డాలర్ల హద్దు ఉండేది, 2025 జనవరి నుంచి 1,000 డాలర్లకు పెంచారు. కూలి అంత ఖరీదైన దేశంలో ఉన్న తెలుగు పిల్లలు అల్మరాను తామే బిగించుకుంటారు. సెలవుల్లో ఇంటికొచ్చిన కొడుకు ఎల్ ఆకారపు తాళంచెవి తీసి తానే కూర్చుంటే, పక్కింటివాళ్లకు అది వింత, వడ్లాయనకు కొంచెం నష్టం.

క్వార్టరు ఖాళీ

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా కనిపించే చిల్లర పని ఒకటుంది. రిటైరైనవాళ్లు క్వార్టరు అప్పజెప్పేటప్పుడు, ముప్పై ఏళ్లలో గోడలకు ఎక్కించినవన్నీ దించాలి. ఫ్యాన్లు, గీజరు, దేవుడి అర, అద్దం, కూలరు స్టాండు, కోతుల జాలీ, బట్టలు ఆరేసే తీగకు వేసిన కొక్కాలు. దీనికి కొత్తవాణ్ని పిలవరు. ఏ వైరు ఎటుపోయిందో, ఏ స్క్రూ తుప్పుపట్టి తిరగదో తెలిసినది బిగించినవాడికే. ఆయన వస్తాడు, కొన్నిసార్లు ఆయన కూడా రిటైరై ఉంటాడు, ఇప్పుడు బండి తోలే కొడుకును వెంటబెట్టుకొస్తాడు. దించిన సామాను ట్రాలీ ఆటోలో కొత్తింటికి పోతుంది, సాయంత్రానికి అక్కడ మళ్లీ ఎక్కుతుంది. ఇక్కడ మిగిలిన గిట్టీలను ప్లేయరుతో పీకి, బొక్కలను తెల్ల సిమెంటుతో పూడ్చి, పైన సున్నం బట్ట తిప్పుతారు. సున్నం ఆరాక గోడ మీద మచ్చలు లెక్కపెట్టొచ్చు, పాతవి టేకు గిట్టీలవి చదరంగా, కొత్తవి గుండ్రంగా.